ఐదు వాట్లు

కరెంటాఫీసుల లైన్మెన్ను నేను.
పదకొండు వేల వోల్టుల కింద కూసొని
సద్ది తిన్నోణ్ణి,
ఐదు వాట్ల కాడ ఆగి
గంటసేపు ఆలోచన చేసిన.

పాలమూరుల గడియారం కాడ గయాస్ భాయ్ దుకాణం.
బయట బరాతు బాక్సులు, ఒక్కోటి బీరువంత.
లోపట మూలకు దుమ్ముపట్టిన గిటారు యాంప్లు నాలుగు.
"ఎవలొచ్చినా ఎంత దూరం ఇనొస్తదని అడుగుతరు,
నువ్వేంది తమ్మీ, యాడిదాంక ఇనరాదని అడుగుతున్నవ్?"
నవ్విండు. చాయ్ చెప్పిండు.

ఎట్ల చెప్పాలె ఆయనకు.
జడ్చర్లల మా కిరాయిల్లు,
రెండు పోర్షన్లకు నడుమ ఒకటే వరుస ఇటుక గోడ,
ఆ దిక్కు ఈదమ్మక్క.
రాత్రంతా మాత్రల కంపెనీల నిలబడి
ఎనిమిదింటికి బస్సు దిగి
పది కొట్టంగ పండుకుంటది.
నా డ్యూటీ మధ్యాహ్నం.
నా గిటారుకు దొరికే పొద్దు
ఆమె నిద్రకు దొరికే పొద్దు
రెండూ ఒకటే.

ముప్పై వాట్లది మస్తుగుంది చూసేతందుకు.
ఒకటి మీద పెడితే
చిక్కం కట్టిన ఎద్దు.
ఒకటిన్నర మీద పెడితే
గయాస్ భాయ్ చాయ్ గిలాస వణికింది.
హెడ్‌ఫోన్లు పెట్టుకొమ్మన్నడు. పెట్టుకున్న.
కాగుల తలకాయ పెట్టి నా మాట నేనే ఇన్నట్టయింది.
వేలు తీగ మీద జారే గీరుడు
గాలి తాకి రావాలె నాకు.

ఆఖరికి ఐదు వాట్లది.
సద్ది డబ్బాకంటె జరంత పెద్దది.
మూడు వేల రెండొందలన్నడు,
రెండు వేల తొమ్మిదొందలకు తెగింది.

ఇంటికొచ్చి ఒక తీగ మీటి
గోడకు అరచెయ్యి ఆనిచ్చి చూసిన.
గోడ ఊకుంది.
కని తీగ ఆగినంక ఇంకో సప్పుడు మిగిలింది,
సన్నగ, ఎడతెగకుంట.
నాకెరుకే అది.
ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడ్డప్పుడల్లా
పండ్లల్ల దూరే గుర్రు.
పైసలు పెట్టి డ్యూటీని ఇంటికి తెచ్చుకుంటిని.

డబ్బా తప్పు గాదు.
టెస్టర్ పట్టుకొని ఎనకకు పోయిన.
మీటరు కింద ఎర్తు గుంత, మూత పగిలింది,
లోపట బొగ్గు, ఉప్పు, అంత ఎండి పెంకాయె.
ఎన్నేండ్లాయెనో ఎవలన్న నీళ్లు పోసి.
ఊరందరి స్తంభాలెక్కుత,
నేనుండే ఇంటి కింది మట్టి చూడకపోతి.

నల్లా దినం తప్పి దినమొచ్చే వాడ మాది.
బకెట్ నీళ్లు గుంతల గుమ్మరిస్తుంటే
ఈదమ్మక్క తలుపుల నిలబడి చూసింది.
"మట్టికి తాపుతున్నవా పిల్లగా? చెట్టన్నా లేకపాయె అండ్ల!"
"సప్పుడు ఆగనీకె అక్కా."
"ఏం సప్పుడు? నాకేం ఇనొస్తలేదు."
"ఇనరానిది గూడ ఆగాలె."
తిక్కలోణ్ణి చూసినట్టు చూసి తలుపేసుకుంది.

నీళ్లు బుడబుడ దిగినయ్.
గుర్రు సగం తగ్గింది. సగముంది.

ఎండలు ముదిరినయ్. గాలిదుమారానికి
అడ్డాకుల దిక్కు స్తంభాలు పడి
నాలుగు దినాలు ఇల్లు మొఖం చూడలె.
ఐదో నాడు స్విచ్ ఏసి
గుర్రు కోసం చెవు పెట్టి కూసున్న.
రాలే.

ఎనకకు పోయి చూస్తే గుంత తడిగుంది.
పగిలిన మూత చుట్టు
బియ్యం కడిగిన నీళ్ల తెల్లటి చార.

పదిన్నర. గోడవతల ఫ్యాను తిరుగుతున్నది.
వాల్యూం ఇంకో గీత తగ్గించి
మొదటికెల్లి మొదలుపెట్టిన.