మూడు వేళ్ళ పిడికిలి

యర్రగుంట్ల నాపరాయి గనిలో
మా అమ్మ కుడిచేతి రెండు వేళ్ళు
బండ కిందే ఉండిపోయినాయి.

ఎసట్లో బియ్యం పోసే ముందర
దేవుని డబ్బాలోకి ఒక పిడికెడు.
మూడు వేళ్ళ పిడికిలి కదా,
"కొలత తక్కువైతాది" అని
ఇంకో సగం.

నాకప్పటికే లెక్కలొచ్చు.
ఆ సగం నా కంచంలోదని
కడుపు మండేది.

ఆ యేడు పెన్నలో ఇసక తప్ప ఏమీ పారలేదు.
గని మూతబడింది.
శనివారం మాపున డబ్బా చంకన పెట్టుకొని
గుడికని బయల్దేరి
మాబున్ని గడప కాడ నిలబడిపోయింది.
మూడు దినాలుగా ఆ పొయ్యిలో పిల్లి లేవలేదు.
తలుపు కొట్టలేదు అమ్మ.
వాకిట్లో బోర్లించిన చాటను తిప్పి
అందులోకి వొంపి, డబ్బా అడుగు తట్టి
గబగబా వచ్చేసింది, దొంగ మాదిరి.

ఆదివారం అయ్యగారు రిజిస్టరు తెరిచి
"సువార్తమ్మా, నీ పిడికెడు?" అన్నాడు.
అమ్మ చెయ్యి చెరగు కింద దాచుకొని
"ముట్టిందయ్యగారూ" అనింది.

ఆయన సున్నా చుట్టినాడు.

ఇప్పుడు బియ్యం కొలిచేటప్పుడు
నేనూ రెండు వేళ్ళు మడిచి పట్టుకుంటా.
ఇంకో సగం పోసేదానికి
ఒక సాకు.