కింది నుంచి పైకి

వేలు పెట్టి చూడమంది చౌడమ్మ.
గోడ మీద చూపుడువేలు గీస్తే
సుద్దముక్క పట్టుకున్నట్టు పొడి అంటింది.
నీలమూ కాదు, తెలుపూ కాదు.
"దుమ్మనుకుంటివా? రంగే పిల్లా.
ఎండకు పిండైపోయింది."

హూడి దాటినాక, మెట్రో స్తంభాల వెనక
రెండంతస్తుల పళ్ళాసుపత్రి.
ఒంటి నిండా ప్లాస్టిక్ పలకలు,
ఒకదాని అంచు మీద ఒకటి, చేప పొలుసుల్లా.
కట్టించినాయన ఏ దేశపు కేటలాగులో చూశాడో గానీ
పదేళ్ళ ఎండ మాత్రం బెంగళూరుదే.

పోయిన నెల ఎవరో వచ్చినారంట,
మిట్టమధ్యాన్నం ప్రెషర్ పైపు పట్టి
పైనుంచి కిందికి కొట్టి పోయినారంట.
గోడంతా చారలు,
పాలు పొంగి దిగి ఎండిన గిన్నెలాగా.
ఆ చారల కోసమే మమ్మల్ని పిలిచింది.

చౌడమ్మది కదిరి పక్క పల్లె.
బేరం కన్నడంలో, తిట్టు తెలుగులో,
లెక్క వేళ్ళ కణుపుల మీద.
నాకిది మూడో రోజు పని.

ఆరు కొట్టకముందే నీళ్ళు కలిపింది.
బకెట్టుకి మూతెడు సబ్బు, గ్లాసుడు వెనిగరు,
పాత పంచె చింపిన మెత్తటి గుడ్డలు.
ఎండ ఈ పక్కకు తిరిగేలోగా అయిపోవాల.
నేను నిచ్చెన పైమెట్టుకి పోబోతే
చున్నీ పట్టి లాగింది:
"కింది నుంచి."

నవ్వొచ్చింది.
నీరు పల్లమెరుగు అని
బడికి పోనోళ్ళకీ తెలుసు కదక్కా, అన్నా.

"ఎరుగుతుంది లే.
ఎండిన చోటికి దిగిన మురికి
ఆడనే నిలబడి, ఎండి, చారై కూచుంటుంది.
ముందే తడిసిన చోటయితే
కాలు నిలవక జారిపోతుంది.
కిందిదాన్ని ముందు తడుపు.
పైనుంచి ఏం దిగినా
దానికేం కాదు."

మూడు పలకలు తుడవడం,
పైనుంచి నెమ్మదిగా మగ్గుతో కడగడం,
మళ్ళీ మూడు.
రుద్దొద్దంటుంది. రుద్దితే
మిగిలిన రంగు కూడా అలుగుతుందంట.
ఏడున్నరకి నా బకెట్లో
నీలిమందు కలిపినట్టు నీళ్ళు.
మురుక్కాలవలో పారబోస్తుంటే
చెయ్యి కొంచెం ఆగింది,
ఇది గోడదే కదా అని.

తొమ్మిదికి మేనేజరు లోహిత్ వచ్చాడు.
బోర్డు వెనక కూడా కడగండి అన్నాడు.
నాలుగు మరలు తిప్పి
నవ్వుతున్న పన్ను బొమ్మను దింపాం.

దాని వెనక
బోర్డంత మేర,
ఎండ చూడని నీలం.
అంత చిక్కటి నీలం నేను
కొత్త స్కూలు బ్యాగు మీద చూశా, అంతే.
ముగ్గురం మాట్లాడలేదు.
పావురం ఒకటి వచ్చి పిట్టగోడ మీద వాలింది,
అదీ మాట్లాడలేదు.

"ఇదీ అసలు కలర్," అన్నాడు లోహిత్.
"గోడంతా ఇట్లా రావాలి."

చౌడమ్మ గుడ్డ పిండుకుంది.
"ఎండ తిన్నదాన్ని నేను కక్కించలేను సార్.
చార లేకుండా ఇస్తా. నా పని అది."
ఆయన ఫోనెత్తి ఎవరికో ఫోటో పంపాడు.
జవాబు రాలేదు.
తొమ్మిదొందలు మాట్లాడుకున్నది ఎనిమిదొందలిచ్చాడు.
చౌడమ్మ తెలుగులో ఏదో అంది, మెల్లగా.
ఆయన థ్యాంక్స్ అన్నాడు.

పోయేముందు రోడ్డుకవతల నుంచి చూశాం.
పాలిపోయిన నీలం,
కానీ ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే తీరు,
ఉతికి ఉతికి మెత్తబడిన చీరలా.
బాగుంది. నిజంగా బాగుంది.
పన్ను బొమ్మ మళ్ళీ తన చోట నవ్వుతోంది,
వెనకేముందో మా ముగ్గురికే తెలుసు.

కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ
చౌడమ్మ గాజులు మోచేతి దాకా ఎగదోసింది.
మణికట్టు చుట్టూ రెండేళ్ళ వెడల్పున
వేరే చర్మం. లేతది.
నేను చూస్తున్నానని చూసింది.

"ఏంటికి చూస్తావు? సబ్బియ్యి," అంది,
గాజులు కిందికి జార్చుకుని.