రెండు వరుసల సేపు

పెట్టె చేసింది నేనే.
పడవ అడుగుకు వాడగా మిగిలిన బర్చి పలక,
మూలలకు తారు, లోపలంతా పొయ్యి మసి.
బీరు డబ్బా రేకు కోసి, గరుకు కాగితంతో పల్చగా రుద్ది,
సూదిమొన ఆనించి, ఊపిరి బిగబట్టి
తిప్పానే గాని పొడవలేదు.
లెన్సు లేదు. షట్టరు లేదు. ఒక్క బెజ్జం.
"ఇందులోంచి సముద్రం పడుతుందా?" అన్నాను.
"ఒంటెనే దూర్చాలని చూశారు, సముద్రమెంత" అంది మైము.

హియుమా దీవిలో గడియారాన్ని నమ్మని మనిషి ఆమె ఒక్కతే.
నలభై ఏళ్లు ఉన్ని చేతితొడుగులు అల్లిన లెక్క ఆమెది.
మబ్బు పడితే రెండు వరుసలు,
ఎండ కాస్తే అర వరుస,
పొద్దుగూకాక జెట్టీ కావాలంటే బొటనవేలు మొత్తం అల్లాలి.
ఆ సేపంతా బెజ్జం మీది నల్ల టేపు
ఆమె పళ్ల మధ్య ఉంటుంది.
మాట్లాడదు. మనల్ని మాట్లాడనివ్వదు.

మొదటిసారి నన్ను వలల కొట్టం ముందు నిలబెట్టింది.
"కదలకు, హెల్దుర్."
ముక్కు మీద దోమ వాలింది, కదల్లేదు.
రెండో వరుస సగంలో ఫెర్రీ కూత పెట్టింది.
ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఫెర్రీకి తాళ్లు విసిరినవాణ్ణి,
మెడ దానంతటదే తిరిగింది.
ఫొటోలో కొట్టం వచ్చింది, తలుపు గొళ్లెం వచ్చింది,
నా బూట్లు వచ్చాయి, మేకులు కొట్టినట్టు.
ఆ పైన నేను, గంజి మీద లేచిన ఆవిరంత.
ఫెర్రీ అసలు లేనే లేదు.

ఆ తర్వాత ఆ మాత్రమూ లేదు.
అరచేయంత ఫిల్ములు, ఒక్కొక్కటీ ఒక పూట తిండి ఖరీదు,
వరసగా ఐదు పాడయ్యాయి,
ఒక మూలనుంచి సిరా ఒలికినట్టు.
"నీ పెట్టె కారుతోంది" అంది.
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నేనూ అనేశాను.
అయినా కీళ్లన్నీ విప్పి మళ్లీ బిగించాను.
రాత్రి పెరట్లో, లోపల టార్చి వెలిగించి పెట్టి
చుట్టూ నాలుగుసార్లు తిరిగి చూశాను.
ఆవగింజంత వెలుతురు బయటికి రాలేదు.
ఆ వారం నాకు పొగచేప పంపలేదు ఆమె.

ఫిల్ము కడిగేది పాత ఆవిరిగదిలో.
తాతల నాటి పొగకు గోడలు బొగ్గు,
కిటికీకి గుర్రపు కంబళి.
చీకటంటే అదీ అనుకునేవాళ్లం ఇద్దరం.
ఒక బుధవారం, చేతులు తుడుచుకున్న తెల్ల నారగుడ్డని
నల్లగోడ కొక్కేనికి తగిలించిందట.
తగిలించి తిరగబోయి ఆగిందట.
గుడ్డ మీద సముద్రం.

కోపంగా వచ్చింది నా దగ్గరికి,
ఇన్నాళ్లూ నేనే ఏదో దాచినట్టు.
రెక్క పట్టి లాక్కెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి
తలుపేసి బయటికి పోయింది.

ముందు ఏమీ లేదు. వెనిగర్ ఘాటు, తడి కర్ర వాసన.
కళ్లు చీకటికి లొంగడానికి చాలాసేపు మొండికేశాయి.
అప్పుడు కంబళిలో కనబడింది
చిమ్మట కొరికిన కన్నం, మిరియపు గింజంత.
ఐదు ఫిల్ముల్నీ తిన్నది అదే.

గుడ్డ మడతల్లో జునిపర్ పొదలు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి.
పైన నీళ్లు, కింద ఆకాశం,
మధ్యలో నా పడవ, నా పడవ రంగులోనే, నీలంగా.
ఫెర్రీ వచ్చింది. ఈసారి కనబడింది.
పొట్ట పైకి పెట్టి, పొగ కిందికి కారుస్తూ
ఎవరి కోసమూ ఆగకుండా గుడ్డ అంచు దాటిపోయింది.
నా మెడ దాంతోపాటే తిరిగింది. ఎవరూ తిట్టలేదు.

అంతలో మైము.
ఎర్ర ఉన్నిటోపీ కిందికి, రబ్బరు బూట్లు పైకి,
గడ్డిలో చీమంత చప్పుడైనా లేకుండా నడుస్తూ.
గుడ్డకు అరచెయ్యి అడ్డం పెట్టాను.
వచ్చి చేతిలో నిలబడింది,
ఫెర్రీ తాళ్లు కోసిన మచ్చల మీద.
బస్తా బంగాళాదుంపలు భుజాన మోసే ఆడమనిషి,
బరువే లేదు.

"కనబడుతున్నానా?" బయటినుంచి కేక.
చెబితే లోపలికి వచ్చేస్తుంది.
కన్నం కుట్టెయ్యాలి, నిజమే.
సూదీ ఉన్నీ ఆమె జేబులోనే ఉన్నాయి.
"హెల్దుర్! కనబడుతున్నానా?"

మబ్బు పట్టి ఉంది.
నాకు అల్లడం రాదు,
అయినా మనసులో మొదటి కుట్టు ఎక్కించాను.
రెండు వరుసలు.