ఎంగిలి విస్తర్ల లెక్క

రాత్రి మూడుసార్లు కరెంటు పోయింది.
దేవరకొండ ఆస్పత్రి ల్యాబులో పొద్దున ఫ్రిజ్ తెరిస్తే
నీళ్లలా ఉండాల్సిన సబ్‌స్ట్రేటు సీసా
కొంచెం పచ్చబడ్డది.
ఏ ఎంజైమూ ముట్టకుండానే
వాటంతటవే విరిగిన అణువులు.
పారబోయలేదు. ఇంకో సీసా నల్లగొండ నుంచి
మంగళవారానికి గాని రాదు.
ఆ పచ్చదనాన్ని బ్లాంకుగా రాసుకుని
ప్రతి లెక్కలోంచి తీసేస్తున్నాను.

సైదమ్మ మర్రిగూడ దిక్కు నుంచి వచ్చింది.
మెడ తిరగదు. నన్ను చూడాలంటే
మనిషి మొత్తం తిరుగుతుంది.
చెయ్యి చాపమంటే మోచెయ్యి సగంలో ఆగింది.
ఆ సగంలోనే నరం దొరికింది.

ట్రైనింగు పిల్లగాడు లింగస్వామి
ఊదా మూత గొట్టంలో పట్టాడు నెత్తురు.
అందులోని మందు జింకునూ మెగ్నీషియాన్నీ గుంజుకుంటుంది.
కొడవలి లేని కూలీలా ఎంజైము గట్టున నిలబడుతుంది,
రిపోర్టులో జబ్బే ఉండదు.
ఎర్ర మూతలో మళ్లీ తీశాం.
"ఎముకల నొప్పికి నెత్తుర్ల ఏం కనబడ్తది బిడ్డా?"

కనబడదవ్వా.
దాని ముందు రంగులేని తిండి పెడతాం.
ఫాస్ఫేటు ముక్క కొరికేసుకుంటే
మిగిలింది పచ్చగా తేలుతుంది.
ఎంత తొందరగా పచ్చబడితే అంత ఎంజైము.

"గట్ల చెప్పు.
ముప్పై ఏండ్లు పెండ్లిండ్లల్ల వంట చేసిన.
పొయ్యి కాడికి మొఖాలేడ గనబడ్తయి?
ఎంగిలి విస్తర్లు లెక్కబెట్టేది.
గాలికి కొట్టుకొచ్చిన ఉత్త విస్తర్లు తీసేసేది."

నేను సీసా వైపు చూశాను.

"ఇంకోటి. అన్నం ఒడిసిన్నాడు ఆ లెక్క నమ్మొద్దు.
ఆకలున్నోళ్లు విస్తరి ముట్టకుండనే పోతరు."

ముప్పై ఏడు డిగ్రీలు.
మొదటి నిమిషం గీత నిటారుగా లేచింది,
రెండో నిమిషం వంగింది,
మూడో నిమిషం పడుకుంది.
మెషిను అంకె పక్కన చుక్కగుర్తు వేసి ఊరుకుంది.
అన్నం ఒడిసిపోయింది.

సీరం ఒక వంతు, ఉప్పునీళ్లు నాలుగు వంతులు.
ఈసారి గీత వంగలేదు.
వచ్చిన అంకెను అయిదుతో హెచ్చవేసి
తప్పేమోనని మళ్లీ హెచ్చవేసి
రాశాను.
తిన్నది కాలేయం నుంచి వచ్చిందో ఎముక నుంచి వచ్చిందో
విస్తరి చెప్పదు.
ఆమె మెడ చెబుతోంది.

"ఏదీ, నా పచ్చ సూపియ్యి."
క్యూవెట్‌ను కిటికీ వెలుగుకు పట్టాను.
సైదమ్మ మొత్తం తిరిగి
చాలాసేపు చూసింది.
పక్కన తెల్లగా ఉన్న ఇంకో క్యూవెట్ చూపించి
అదేందని అడిగింది.
నీళ్లు, అన్నాను. ఉత్త నీళ్లు.

"మా బోరింగు నీళ్లకు గూడ
ఏ రంగు లేకుండె బిడ్డా."