బుడ్డీ, బుడ్డలూ

తాడిపత్రిలో బండల పాలీషు ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా నా మెస్సు.
ఇరవైరెండు దినాలు ఆయప్పకు అన్నం పెట్టినా.
పేరు గావీనో. మావోళ్ళ నోట్లో పడి గోవిందు అయినాడు.
కొత్త మిషను బిగించేకి ఇటలీ నుంచి వచ్చినాడు.
ఇటలీ గూడ కాదంట, దాని పక్కన సముద్రంలో ఒక దీవంట.
రొట్టెల పీట మీద పిండిలో వేలితో గీసి చూపించినాడు:
ఎవరో తడికాలితో తొక్కిపోయిన అడుగు మాదిరి ఉండాది.

మొదటి దినం చట్నీపొడి తిని కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్నాడు.
రెండో వారానికి
సంగటి ముద్దలో గుంత చేసి పులుసు పోసుకునేది
మా పిల్లోళ్ళకన్నా బాగ నేర్చినాడు.

మిషను తిరిగిన దినం టెంకాయ కొట్టినారు.
గోవిందు పెట్టెలోంచి ఒక సీసా తీసి
ఓనరు చేతిలో పెట్టబోయినాడు.
సుబ్బరత్నంశెట్టి రెండు చెంపలూ వేసుకున్నాడు.
ఎవరూ ముట్టని ఆ సీసా
తిరిగి తిరిగి నా ఉప్పుజాడీ పక్కకొచ్చింది.

పోయేముందు చెప్పినాడు, సగం చేతుల్తో, సగం ఫోన్లో.
ఇది తెల్లద్రాక్ష సారాయి. వెర్మెంతీనో.
మా దీవిలో గ్రానైటు పొడైపోయి ఇసకైన నేల,
ఆ ఇసకలో తీగలు,
సముద్రం గాలి రేయింబగళ్ళు ఆకుల్ని నాకి పోతాది.
చల్లగ తాగండి.
చేపతో. గొర్రెపాల చీజుతో. అప్పడమంత పల్చని రొట్టెతో.
కారం మాత్రం దగ్గరికి రానీయొద్దు.
ఈ మాట చెప్పి, నా వంటింట్లో
దండలు దండలుగా వేలాడే ఎండుమిరపకాయల్ని చూసి
ఆయప్పే నవ్వినాడు.

ఆ మిషను తొమ్మిదిమంది చేతుల పని తినింది.

శనివారం రాత్రి మెస్సు మూసి ముగ్గురం కూర్చున్నాం.
నేనూ, ఓబుళమ్మా, ఎర్రన్నా.
వాళ్ళిద్దరూ ఆ తొమ్మిదిమందిలో వాళ్ళే.
సీసాకు తడిగుడ్డ చుట్టి పొద్దున్నుంచే కుండనీళ్ళలో పెట్టుంటి.
బిరడా రాలేదు. ఎర్రన్న జేబులోంచి స్క్రూ తీసి తిప్పి
పట్టకారుతో గుంజినాడు.
మిషనుకు మిగిలిపోతే పారేసిన స్క్రూనే అది.

మిరపకాయ బజ్జీ కొరికి ఒక గుక్క:
నోరంతా అగ్గి, వైను యాడికి పారిపోయిందో తెలీలే.
"దీనికన్నా కల్లు మేలు" అన్నాడు ఎర్రన్న.
చింతకాయ తొక్కుతో ఇంగో గుక్క:
పులుపూ పులుపూ జుట్లు పట్టుకున్నాయి.
చిత్రావతి డ్యాం చేపకు పసుపూ ఉప్పూ రాసి
పెనం మీద కాల్చి నిమ్మకాయ పిండితే
కొంచెం మాట వినింది.

అప్పుడు గుర్తొచ్చింది, పొయ్యి మీద బుడ్డలు.
సాయంత్రమే చేన్లోంచి పీకిన పచ్చిబుడ్డలు,
దొడ్డుప్పేసి ఉడకబెట్టినవి, తొక్కకు ఇంగా ఎర్రమట్టి.
ఒకటి వలిచి నోట్లో ఏసుకుని తాగినా.
నేను వంటదాన్ని, నా నాలుక నాకు తక్కెడ.
ముందు గడ్డి కోసినప్పటి వాసన,
ఎనకాల ఉప్పు,
ఆఖర్న పచ్చిబుడ్డ పొట్టు చేదు.
యాడ బుడ్డ అయిపోయిందో, యాడ బుడ్డి మొదలయిందో!
సముద్రం చూడని దాన్ని,
ఇదేనేమో అనుకున్నా.

ఓబుళమ్మ శానాసేపు మాట్లాడలే.
గలాసు మూతి దగ్గర పెట్టుకుని
"మా నాయన గనిలోంచి ఇంటికొచ్చినప్పుడు
చొక్కా ఇట్లే వాసనొచ్చేది" అనింది.

వాళ్ళ నాయన గూడ రాళ్ళు కొట్టినోడేనని చెప్పినా,
గోవిందు రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని
ఆ దగ్గు దగ్గి చూపించినాడని.
"మంచోడే" అన్నాడు ఎర్రన్న.
"మంచోడే వచ్చి మన కూడు ఎత్తిపాయె."
అని, సీసా వంచి మిగిలిన చుక్క తనే పోసుకున్నాడు.

నెల్నాళ్ళకు ఫోనుకు మెసేజీ వచ్చింది:
దేంతో తాగినారు?
బుడ్డలు అంటే ఆ ఫోను ఏమేమో రాస్తాది.
అందుకే ఆ రాత్రి తీసిన ఫోటో పంపినా,
తొక్కల కుప్పా, ఖాళీ సీసా.
ఒక మూలకు ఎర్రన్న బొటనవేలు అడ్డం పడింది,
ఇరవై ఏండ్లు బండ రుద్ది గీతలన్నీ అరిగిపోయి
రేషను మిషను గూడ గుర్తుపట్టని వేలు.