ఏడో గుంట

వాళ్ళ నోట హోలు, మా నోట గుంట.
పద్దెనిమిదింటిలో పదిహేడు
బెత్తెడు లోతు, చెంబు పట్టేంత వెడల్పు.
ఏడోది మాత్రం శ్రావణం రాగానే
నిజంగా గుంటైపోతుంది.
కొంగొకటి ఒంటికాలి మీద నిలబడి
జెండాకి తోడుంటుంది.
మొన్న జడ్జిగారి బంతి అందులో పడితే
బదులుగా ఒక మట్టగిడస ఎగిరింది.
ఆయన నవ్వలేదు.
అందుకే డబ్బులు మంజూరయ్యాయి.

రాజమండ్రి నుంచి పదమూడు లారీల కంకర,
కన్నాలున్న నల్ల గొట్టాలు చుట్టలు చుట్టలుగా,
ముక్కాలి మీద లెవెలు యంత్రం,
దాని వెనక ఒక కన్ను మూసుకుని ఇంజనీరు హిమజ,
కొలబద్ద పట్టుకుని నేను.
రాజోలు దిగువన ఈ నేలలో
వాలు కోసం, పాపం, ఆవిడ వెతుకులాట!
నూటికి ఒకటైనా ఉండాలంట.
మాకు వెయ్యికి ఒకటుంటే కొండ కిందే లెక్క.

కాగితం మీద గీసి చూపించింది:
నడుమ పెద్ద గొట్టం, ఇటూ అటూ ఏటవాలుగా చిన్నవి.
"చేపముల్లు" అంది.
పులసది కాదండి, అంత చిక్కు లేదు,
ఇది కొరమీను ముల్లు, అన్నాను.
రాసుకుంది.

తవ్వాం.
మొదటి అడుగు ఇసక, వాళ్ళు తెచ్చి పోసింది.
రెండో అడుగు నల్లమట్టి.
పారకి అంటుకుని, చెప్పుకి అంటుకుని,
మధ్యాహ్నానికి క్యారేజీ మూతకి కూడా అంటుకుని
నీళ్ళు దిగనివ్వదు,
దిగినవాటిని పోనివ్వదు.
మూడో అడుగులో పార టంగుమంది.
కాలిన మట్టి తూము, జానెడు నోరు,
నోట్లో మడిచి కుక్కిన యూరియా సంచి.

ఆ సంచి నాది.

దాళవాకి వంతుల మీద నీళ్ళొదిలిన ఏడు
రాత్రి రెండింటికి, లాంతరు లేకుండా వచ్చి
కుక్కింది నేనే.
అప్పుడిది కౌలు చేను. ఎగువ నాది,
దిగువ కడలి సుభద్రమ్మది.
పొట్ట మీదున్న ఆవిడ చేను
పాలు పోసుకోకుండానే తెల్లబోయింది.
లాకుల దగ్గర నిలబడి లస్కరుని తిట్టింది,
దోసెడు మన్నెత్తి పోసింది.
నేను ఆవిడ పక్కనే ఉండి
"అవునవును" అన్నాను.

"ఏంటది?" అంది హిమజ.
"పాత సంచండి."
అబద్ధమేం కాదు.
లాగాను.
ముందు బుడగ, తర్వాత కుళ్ళు వాసన,
తర్వాత, ఎవరో గొంతు సవరించుకున్నట్టు, నీళ్ళు.
ఆవిడ యంత్రం ఇటు తిప్పింది.
వెతుకుతున్న వాలు తూము వెంటే ఉంది.
ముల్లు చెరిపి మళ్ళీ గీసింది.

ఇప్పుడు ఏడోది ఆరింది.
వాన వెలిసిన గంటకల్లా బంతి దొర్లుతోంది.
కొంగ రెండ్రోజులు వచ్చి చూసి
రొయ్యల చెరువుల వైపు వెళ్ళిపోయింది.

గొట్టం పడేది మాత్రం
సుభద్రమ్మ దొడ్డి వెనక మురుగుకోడులో.
అమాసకీ పున్నానికీ సముద్రం పోటెక్కితే
కోడు వెనక్కి తంతుంది,
మా నీళ్ళూ దాని నీళ్ళూ కలిసి
ఆవిడ పొయ్యి దాకా.
తనంతట మూసుకునే రేకు చాలంది హిమజ.
రేకు మన వైపే చూసుకుంటుందండి,
తాళమున్న తలుపే కావాలన్నాను.
ఎందుకంటే చెప్పలేదు. పాములొస్తాయన్నాను.

తాళంచెవి నా మొలతాడుకే ఉంది.
పోటుకి మూస్తాను, పాటుకి తీస్తాను.
ఆ మూడు గంటలూ ఏడోది కొంచెం
చెమ్మగిల్లితే గిల్లనీ.
రాత్రి రెండింటికి పాటైతే రెండింటికే వెళ్తాను,
టార్చి వేసుకునే.

నిన్న ఆవిడ దొడ్డిగుమ్మంలోంచి కేకేసింది,
"ఎవర్రా అక్కడ?"
"నేనే పిన్నీ, లస్కరుని."
కాసేపు ఏమీ లేదు.
"ఏ లస్కరువిరా?"

నీళ్ళ చప్పుడు గట్టిగానే ఉంది.
వినపడలేదని ఆవిడ అనుకోవచ్చు.