సుద్దముక్కల డబ్బా

పదో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠానికి
ఎవరో స్టేప్లర్ పిన్నులు కొట్టేశారు.
పుస్తకానికి నాలుగు, నలభై రెండు పుస్తకాలకీ.
పిల్లలు గోళ్ళతో ఓపిగ్గా విప్పుకున్నారు,
కాగితం చిరగలేదు, కన్నాలే మిగిలాయి.
నా ఇరవయ్యేళ్ళ సర్వీసులో
ఏ పాఠాన్నీ ఇంత శ్రద్ధగా తెరవలేదు వాళ్ళు.

శనివారం మీటింగు.
నెల్లిమర్లలో మిల్లు సైరన్ మోగని వారం అది,
తండ్రులకి తీరిక దొరికింది.
హెడ్మాస్టరు సన్యాసిరావు గారు, ఐదుగురు పిల్లల తండ్రి,
ఫ్యాను కింద కుర్చీలు తానే వేశారు.
మైకుల గొడవలో మూడేళ్ళుగా మాటల్లేని పెద్దలు
ఈ ఒక్క పాఠం దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు.

"బ్రహ్మచర్యం అన్న మాటుందా అమ్మా మీ పుస్తకంలో?"
శేషాచార్యులు గారు.
"దేహం దేవుని ఆలయమని చెప్తున్నారా?"
పాస్టర్ యోనా గారు.
"సిగ్గు నేర్పండి, మిగతాది అదే వస్తుంది,"
మౌలానా ఖలందర్ గారు.

ఎవరి మాటా చెడ్డది కాదు.
అదే నా చిక్కు.

నేనూ మొక్కేదాన్నే.
పైడితల్లికి ఏటా చీర పెడతాను.
పదమూడో ఏట సిరిమాను చూడ్డానికి బయల్దేరితే
"ఒలే, నువ్వు రాకూడదే" అని
గుమ్మంలోనే ఆపేసింది మా అప్ప.
ఎందుకో చెప్పలేదు.
ఆ నెత్తురు చూసి, చచ్చిపోతాననుకుని,
లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో
నా వెండి పట్టీలు చెల్లికివ్వమని రాసిపెట్టాను.
తల్లి మీద కోపం రాలేదు నాకు.
చెప్పనివాళ్ళ మీద
ఇప్పటికీ పోలేదు.

తలుపవతల నిలబడ్డ గొర్లె పోలయ్య
తువ్వాలు భుజం మార్చుకున్నాడు.
"బాబూ, దేవుడి సంగతి ఇంటికాడ మేం సెప్పుకుంటాం.
ఇది మాకు రాదు. నోరు రాదు.
అందుకే గదా గుంటల్ని బడికంపినాం."
అంతే. మళ్ళీ గోడకి ఆనుకున్నాడు.

అప్పుడు తీశాను డబ్బా.
సుద్దముక్కలది, మూతకి చీలిక పెట్టింది,
పేరు రాయకుండా ప్రశ్నలు వెయ్యమన్నది.
ఒక్కొక్కటీ చదివాను.
మీసం రాకపోతే జబ్బా?
ఆ రోజుల్లో ఆవకాయ జాడీ ముట్టుకుంటే పాడవుతుందా?
నేను ముట్టుకున్నాను, పాడవలేదు.
(నవ్వారు. మౌలానా గారు కూడా, గడ్డం చాటున.)
పద్దెనిమిదోది ఆకుపచ్చ ఇంకు:

వద్దన్నా వినకపోతే పాపం ఎవరిది?

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆ మాట చూడండి. పాపం.
బడిలోకి రానివ్వాలా వద్దా అని
ఇంతసేపూ మేం గుమ్మంలో కొట్లాడుకున్న మాట
ఎప్పుడో లోపలికొచ్చి
వెనక బెంచీలో తలొంచుకుని కూర్చుంది,
ఒంటరిగా, పిన్నులు విప్పుకుంటూ.

శేషాచార్యులు గారు కళ్ళజోడు తీశారు.
"వాడిది."
పాస్టరు గారు, "వాడిదే."
మౌలానా గారు పెదాల్లో ఏదో చదువుకుని, తెలుగులో,
"పిల్లది కాదు."
సన్యాసిరావు గారు మాత్రం
"ఎవరి చేతిరాత అది?" అనడిగారు.

డబ్బా మూత పెట్టేశాను.
ఆ సాయంత్రం ఎవరింటికి వెళ్ళానో
ఇక్కడ కూడా రాయను.

తీర్మానం ఏదీ కాలేదు.
మినిట్స్ పుస్తకంలో
"సభ్యులకు టీ ఇవ్వబడినది" అని ఉంది.

సోమవారం రెండో పీరియడు
బొమ్మ గీశాను. భాగాల పేర్లు
గొంతు తగ్గించకుండా అందరిచేతా చదివించాను.
బోర్డు మూల ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది.
దాని కింద, సిలబస్‌లో లేనిది:
పాపం నీది కాదు.

ఇది సైన్సా, మతమా అని
ఇన్‌స్పెక్షన్‌కొచ్చినవాళ్ళు అడిగితే
ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

గంట కొట్టాక తుడుద్దామని చూస్తే
డస్టర్ లేదు.
ఎవరో దాచేశారు.